కమ్మరి పాత్ర ఎవరికీ గుర్తుండటం లేదంటే

మీరు నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో (బల్ల చుట్టూ కూర్చుని మాటలతో కథ ఆడే ఆట, ఊరివాళ్ల పాత్రలన్నీ నడిపేవాళ్లే పోషిస్తారు) మీ కమ్మరికి మూడు పేజీల చరిత్ర రాసినా ప్లేయర్లు కత్తి ధర అడిగి వెళ్లిపోయారన్నారు కదా. తప్పు వాళ్లది కాదండీ. ఆ చరిత్ర మీ నోట్‌బుక్‌లో ఉంది, కమ్మరి నోట్లో లేదు.

ముందు అతనికి ఇవాళ్టి అవసరం ఒకటి పెట్టండి. బొగ్గు బండి రెండు రోజులుగా రాలేదు, కొలిమి చల్లారిపోతోంది. ప్లేయర్లు లోపలికి రాగానే తల ఎత్తకుండా "దారిలో బండేమైనా కనబడిందా?" అని అడుగుతాడు. బేరం కాస్తా కథలోకి దిగుతుంది. బండి తోలేది తన తమ్ముడేనని మాత్రం ఎవరికీ చెప్పడు.

గొంతు మార్చడం రాదని టెన్షన్ పడకండి. మాట్లాడేటప్పుడల్లా కాలిన బొటనవేలు రుద్దుకుంటాడనుకోండి, మీరూ అదే చేయండి. ప్లేయర్లు పేరు మర్చిపోయినా "ఆ వేలాయన" అంటారు. నా ఆటలో అచ్చం అలాగే అయింది.

అంకెలకు ఎక్కువ టైం పెట్టకండి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో మామూలు ఊరివాడికి హిట్ పాయింట్లు (ఎంత దెబ్బ తట్టుకుంటాడో చెప్పే అంకె) 4, ఆర్మర్ క్లాస్ (అతనికి దెబ్బ తగలడం ఎంత కష్టమో చెప్పే అంకె) 10, బలం, తెలివి లాంటి ఆరు సామర్థ్యాలూ 10. కమ్మరి కాబట్టి బలం 14 చేస్తే చాలు. 4 పాయింట్లంటే ఒక్క కత్తి దెబ్బకే పోవచ్చు, గొడవ మొదలైతే అతన్ని బల్ల కింద దాచేయండి.