గిన్నె పట్టుకుని వెంటపడకు

తెనాలి

చిరంజీవి అమ్ములుకి పెద్దమ్మ ఆశీస్సులు.

పాప బరువు పెంచడం కోసం మూడు నెలలు జీతం లేని సెలవు పెట్టావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మురిసిపోయాను. ఫోన్ పెట్టేశాక బెంగ మొదలైంది. నీ సంగతి నాకు తెలియదూ? ఇంటర్‌లో లెక్కల పరీక్షకి కూర్చున్నట్టే దీనికీ కూర్చుంటావు. గోడకి టైంటేబుల్, ఫోన్‌లో యాప్, రోజూ పొద్దున్నే తూకం. ముందు ఆ మిషన్ని అటకెక్కించు. పాలు తాగితే పెరిగి, దొడ్డికెళితే తగ్గే అంకె చూసి నువ్వు టెన్షన్ పడితే పిల్లకి ఒరిగేదేం లేదు. నెలకోసారి, ఒకే కాటా మీద, బట్టలు విప్పి తూస్తే చాలు.

అంగన్‌వాడీలో ఆడపిల్లలకి గులాబీ రంగు, మగపిల్లలకి నీలం రంగు చార్టు ఉంటుంది. ఏడాదిన్నర ఆడపిల్ల సగటు బరువు 10 కిలోల పైచిలుకు. 8.1 కిలోలకి తగ్గితే తక్కువ బరువు కింద లెక్క. మనది 7.8 అంటున్నారు కాబట్టి 'మా వంశమే సన్నం' అని మీ ఆయన తీసిపారేస్తే కుదరదు. అలాగని గుండెలు బాదుకోవాల్సిందీ లేదు. చార్టులో ఒక చుక్కని కాదు, నెలనెలా గీత ఎటు పోతోందో చూడాలి. ఇంకో మాట. పుట్టిన బరువుకి ఏడాదిలో మూడింతలయ్యే పిల్లలు రెండో ఏడు మొత్తమ్మీద రెండు, రెండున్నర కిలోలే పెరుగుతారు. ఆకలి కూడా అందుకు తగ్గట్టే తగ్గుతుంది. పక్క ఫ్లాట్ పిల్లతో పోల్చడం మానెయ్.

డాక్టరుకి చూపించి రక్తం, మూత్రం పరీక్షలు చేయించు. రెండు వారాలు దాటిన దగ్గు, ఆగని విరేచనాలు, ఉన్న బరువు జారిపోవడం, ఇంట్లో ఎవరికైనా టీబీ, వీటిలో ఏది ఉన్నా వంటింటి వైద్యం పనికిరాదు, నా ఉత్తరం పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్ళు.

ఇక నన్ను నిద్రపోనివ్వని విషయం. పాప నోరు తెరవకపోతే మీ అత్తగారు ముక్కు పట్టుకుని పోస్తున్నారని మీ అమ్మ నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. నీ చిన్నప్పటి సంగతి నీకు ఎవరూ చెప్పి ఉండరు.

నువ్వూ ఇంతే ఉండేదానివి, పుల్లలా. మీ అమ్మమ్మకి సన్నటి పిల్లని చూస్తే వణుకు. మా అందరికంటే ముందు పుట్టిన అన్నయ్య ఏడాదిన్నరకే జ్వరంతో పోయాడు, ఆ భయం ఆవిణ్ణి వదల్లేదు. వసారాలో కాళ్ళు చాపుకుని నిన్ను మోకాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టేది. చేతులు కొంగుతో చుట్టేసి, ముక్కు మూసి, ఉగ్గుగిన్నెతో రాగిజావ పోసేది. ఊపిరి కోసం నోరు తెరవాలి, తెరిస్తే జావ లోపలికి పోవాలి. అదీ లెక్క. నువ్వు గుడ్లు తేలేసి మింగుతుంటే 'చూశావా, తాగుతోంది' అనేది. ఊళ్ళో అందరూ అలాగే పెంచారు, ఎవరూ తప్పనుకోలేదు.

ఒక మధ్యాహ్నం పొరబోయింది. ఏడుపు లేదు, దగ్గు లేదు, పెదాలు నీలంగా తిరిగాయి. మీ పెద్దనాన్న పరుగున వచ్చి నిన్ను ముంజేతి మీద బోర్లా వేసి, తల కిందికి ఉంచి, రెండు భుజాల మధ్య చరిచారు. చివరికి ముక్కులోంచి జావ కారింది, అప్పుడు ఏడ్చావు. మర్నాటికి జ్వరం, ఎగశ్వాస. ఊపిరితిత్తుల్లోకి పోయిందని ఆసుపత్రిలో పెట్టారు. మా అమ్మ ఆ ఉగ్గుగిన్నెని మళ్ళీ ముట్టుకోలేదు. పాపం, ఎవరు అడిగినా 'దిష్టి తగిలింది' అనేది.

అసలు నష్టం ఆ తర్వాత. గిన్నె చప్పుడు వింటే చాలు, పెదాలు బిగించి మంచం కిందికి దూరేదానివి. అన్నం చూపిస్తే వాంతి. ఇంక గతిలేక మీ అమ్మ పాలసీసా నోట్లో పెట్టింది. పగలు పాలే, రాత్రి పాలే. బుగ్గలు కాస్త ఉబ్బాయి కదా అని అందరం సంబరపడ్డాం. తీరా చూస్తే గోడ సున్నం గోకి తింటున్నావు! డాక్టరు కింది రెప్ప లాగి చూపించాడు, లోపల కాగితంలా తెల్లగా ఉంది. పాలల్లో ఐరన్ దాదాపు ఉండదు, పైగా కడుపు నింపేసి అన్నం తిననివ్వవు, రక్తం తగ్గితే ఉన్న కాస్త ఆకలీ చచ్చిపోతుంది అన్నాడు. అందుకే అడుగుతున్నాను, పాప రాత్రి ఎన్ని సీసాలు తాగుతోంది? నీ పాలు ఇంకా ఇస్తుంటే మానిపించకు, రెండేళ్ళు దాటినా మంచిదే. పైపాలు మాత్రం రోజంతటికీ అర లీటరు దాటనివ్వకు, అదీ గ్లాసుతో, అన్నం తిన్నాక.

నీ నోరు తెరిపించింది నేనూ కాదు, ఐరన్ చుక్కలూ కాదు. నిన్ను నాతో నేను పనిచేసే అంగన్‌వాడీ సెంటర్‌కి తీసుకెళ్ళి పిల్లల వరసలో చాప మీద కూర్చోబెట్టేదాన్ని. పళ్ళెం పెట్టి నా రిజిస్టర్లు నేను రాసుకునేదాన్ని. చాలా రోజులు మెతుకు ముట్టలేదు. ఒకరోజు పక్కనున్న పిల్లాడి పళ్ళెంలోంచి ఉడికిన శనగల ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకున్నావు. వాడు రాగం మొదలుపెట్టాడు. నువ్వు నమలడం ఆపలేదు.

కాబట్టి అమ్ములూ, ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో నువ్వు చూసుకో. ఎంత తినాలో దానికి వదిలెయ్. మీతో పాటు కింద కూర్చోబెట్టు, ఒళ్ళంతా పూసుకున్నా సరే చేత్తో తిననీ. మూడు పూటలా అన్నమో టిఫినో, మధ్యలో రెండుసార్లు చిరుతిండి. అరగంటలో తినకపోతే మాట్లాడకుండా పళ్ళెం తీసెయ్. ఫోన్ చూపిస్తూ కుక్కడం కూడా ముక్కు మూయడం లాంటిదే, కోపం తెచ్చుకోకు.

దాని పొట్టలో పట్టేది చిన్న గిన్నెడు. అందులో చారు, పప్పుకట్టు పోస్తే నీళ్ళకే సరిపోతుంది. ముద్దపప్పు కలుపు, మెత్తగా పిసికి చెంచా నెయ్యి వెయ్యి. ఆ ఒక్క చెంచాలోనే 45 కేలరీలు ఉంటాయి. ఇడ్లీకి నెయ్యి, వేరుశనగ పొడి. రోజుకో గుడ్డు. పెరుగు మీగడతో. చక్రకేళి అరటిపండు, ఉడికించిన చిలగడదుంప. ఆకుకూర పప్పులో నిమ్మరసం పిండు, ఐరన్ ఒంటికి పడుతుంది. జావ కాస్తే చెంచాలోంచి నీళ్ళలా జారకూడదు. రాగులు మొలకెత్తించి ఎండబెట్టి పట్టిస్తే, ఎక్కువ పిండి వేసినా గట్టిపడకుండా మింగుడుపడుతుంది. వేరుశనగ గింజలు, ద్రాక్షపళ్ళు మాత్రం అలాగే చేతికివ్వకు. గింజలైతే పొడి కొట్టు, ద్రాక్ష నిలువునా చీల్చు. ఈ మాట మీ అత్తగారికీ చెప్పు, నా పేరు చెప్పి తిట్టుకున్నా ఫరవాలేదు.

డబ్బా పొడులకి నెలకి వేలు పోస్తున్నావట. డబ్బా వెనక అక్షరాలు చదువు, చక్కెర ఎంతుందో తెలుస్తుంది. మీ ఊళ్ళోనే, తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు బక్కచిక్కిన పిల్లల కోసం 'హైదరాబాద్ మిక్స్' అని ఎప్పుడో తయారుచేశారు. వేయించిన గోధుమలు 40 గ్రాములు, పుట్నాలపప్పు 16, వేయించిన వేరుశనగపప్పు 10, బెల్లం 20. అంతే. దానికి 330 కేలరీలు, 11 గ్రాముల పైన ప్రోటీన్. అంతా ఒక్కరోజులో తినిపించాలని మళ్ళీ మొదలుపెట్టకు! మొదటిసారి కొంచెమే పెట్టి చూడు, వేరుశనగ కొందరికి పడదు. పాలల్లో చిక్కగా కలుపు. బెల్లం కలపకుండా రెండు కిలోలు దంపించి బస్సు పార్సిల్‌లో పంపుతున్నాను, బెల్లం విడిగా కట్టాను. స్టీలు డబ్బా నాకు తిరిగి కావాలి.

సెలవు పెట్టావు కదా అని నిన్ను నువ్వు చంపుకోకు. పాప పడుకున్నప్పుడు నువ్వూ పడుకో. నువ్వు కూడా చిక్కిపోయావని మీ అమ్మ బాధపడుతోంది, పాపకి చేసే ముద్దపప్పు నువ్వూ తిను.

ఇట్లు
మీ పెద్దమ్మ

తా.క. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో అంగన్‌వాడీలో నులిపురుగుల మాత్ర ఇస్తారు. అపార్టుమెంటు వాళ్ళకి ఇవ్వరనుకోకు, వెళ్ళి అడుగు. ఏడాది దాటి రెండేళ్ళు నిండని పిల్లలకి సగం మాత్రే, అదీ మెత్తగా నలిపి నీళ్ళలో కలిపి. ఏడుస్తున్నప్పుడు పోయకు.