బ్యాగు కుట్టుకు ఏ దారం?

ప్రశ్న: ట్రెక్కింగ్ బ్యాగు ఇంట్లోనే కుడుతున్నాను. బ్లౌజుల దారం పట్టీల దగ్గర తెగిపోతోంది. నైలాన్ దారం కొనమంటారా?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: నైలాన్ గట్టిదేనండీ, కానీ ఎండకు పాలిస్టర్ కన్నా త్వరగా చివికిపోతుంది. నూలు దారం తడికి కుళ్లుతుంది, దాని జోలికే పోకండి. చిక్‌పేట బజారులో ఫిలమెంట్ పాలిస్టర్ (పొడవాటి, తెగని పోగులతో పేనిన దారం) అడిగి, కండె మీద టెక్స్ అంకె చూడండి; అది దారం లావును చెబుతుంది. సంచి గుడ్డకు 40, భుజం పట్టీలకు 70. ఈ 70కి 16 లేదా 18 నంబరు సూది ఎక్కించాలి. సన్న సూదిలో దారం ఒరుసుకుని పోగులు లేస్తుంది, తెగడం అక్కడే మొదలు. 70 కన్నా లావు దారానికి ఇంటి మిషను సాధారణంగా మొరాయిస్తుంది. కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు ఉంచండి. దగ్గరగా కుడితే బలమనుకుంటారు గానీ, చిల్లులు ఎక్కువై గుడ్డ ఆ గీత వెంటే చిరుగుతుంది. పట్టీ మొదట్లో చతురస్రం, దాని లోపల ఇంటూ గుర్తు కుట్టండి.