కొత్త గేమింగ్ పీసీ ఎప్పుడు పడితే అప్పుడు ఆగిపోతోంది, గ్రాఫిక్స్ కార్డు మార్చమనాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. నెల క్రితం సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో పార్టులు కొని పీసీ అసెంబుల్ చేయించారు. రైజెన్ 5 7600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4060 టీఐ గ్రాఫిక్స్ కార్డు, 32 జీబీ డీడీఆర్5 ర్యామ్, 650 వాట్ల పవర్ సప్లై. ఒక్కోసారి గేమ్ మూసుకుపోయి డెస్క్‌టాప్ కనబడుతోంది, ఒక్కోసారి మెషీన్ మొత్తం రీస్టార్ట్ అవుతోంది. రెండుసార్లు ఫార్మాట్ కొట్టారు, తగ్గలేదు. షాపులో మూడు గంటలు నడిపి చూస్తే ఏమీ కాలేదు. గ్రాఫిక్స్ కార్డు మార్చమని గట్టిగా అడగాలా అంటున్నారు.

ఇప్పుడే వద్దు. పోయినేడాది ఏప్రిల్‌లో నాదీ ఇదే గోల. నేను చేసిన పెద్ద తప్పు, జరిగేదంతా ఒకే జబ్బు అనుకోవడం. తీరా చూస్తే రెండు జబ్బులు. ఒకటి గోడలో ఉంది, ఇంకోటి ర్యామ్‌లో ఉంది. రెండిటినీ కలిపి "రాండమ్ క్రాష్" అనుకున్నంత కాలం ఏదీ దొరకలేదు. ఒకటి సరిచేసినా రెండోది కనబడుతూనే ఉంటుంది కదా, దాంతో చేసిన పని కూడా దండగనుకుని మళ్ళీ మొదటికొచ్చేవాణ్ణి.

నా మెషీన్‌లోనూ 7600 ప్రాసెసరే. కార్డు ఆర్‌ఎక్స్ 7800 ఎక్స్‌టీ, 16 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు, 750 వాట్ల పవర్ సప్లై. పార్క్‌లేన్ నుంచి మల్కాజ్‌గిరి దాకా క్యాబినెట్‌ను ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. మెట్టుగూడ దాటేదాకా ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా "అన్నా, జర మెల్లగ" అంటూనే ఉన్నా. మీరూ అలాగే తెచ్చుకుని ఉంటే ముందు ఒక పని చేయండి. ప్లగ్ తీసేసి, పక్క అద్దం విప్పి, గ్రాఫిక్స్ కార్డునీ ర్యామ్‌నీ ఒకసారి బయటికి తీసి, 'టక్' మనేదాకా మళ్ళీ నొక్కండి. పవర్ కేబుళ్ళు కూడా. పది నిమిషాల పని, పైసా ఖర్చు లేదు.

ఆ తర్వాత ఒక పుస్తకం పెట్టండి. నేను కిరాణా లెక్కల పుస్తకం వెనక పేజీల్లో రాశాను. టైము, అప్పుడు ఏం నడుస్తోంది, ఎలా పోయింది. ఈ చివరిదే ముఖ్యం. ప్లగ్ పీకినట్టు ఠక్కున ఆరిపోయిందా? బ్లూ స్క్రీన్ వచ్చిందా? విండోస్ బాగానే ఉండి గేమ్ ఒక్కటే మూసుకుందా? లేక స్క్రీన్ నల్లబడి సౌండ్ మాత్రం వస్తూనే ఉందా? ఇవన్నీ వేరువేరు దారులు. బ్లూ స్క్రీన్ రెప్పపాటులో పోతుంటే సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్, అందులో స్టార్టప్ అండ్ రికవరీ తెరిచి, ఆటోమేటిక్ రీస్టార్ట్ దగ్గర టిక్ తీసేయండి. అప్పుడు అది ఆగి మీకు మొహం చూపిస్తుంది.

విండోస్ తన చిట్టా రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో, విండోస్ లాగ్స్ కింద సిస్టమ్‌లో, "కెర్నల్-పవర్ 41" అని ఎర్ర గుర్తుతో కనబడుతుంది. అది చూడగానే చాలామంది పవర్ సప్లై పోయిందని ఫిక్స్ అయిపోతారు, నేనూ అయ్యాను. దానర్థం మెషీన్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని మాత్రమే. ఎందుకు ఆగిందో అది చెప్పదు. కానీ అదే ఎంట్రీలో డీటెయిల్స్ ట్యాబ్ నొక్కితే బగ్‌చెక్ కోడ్ అని ఒక నంబరు ఉంటుంది. సున్నా ఉంటే బ్లూ స్క్రీన్ నమోదు కాలేదు. అంటే కరెంటు అందక పోయిందో, మెషీన్ పూర్తిగా బిగుసుకుపోయిందో అయ్యుంటుంది. 26 ఉంటే మెమరీ మేనేజ్‌మెంట్ బ్లూ స్క్రీన్, 292 ఉంటే హార్డ్‌వేర్ తప్పు జరిగిందని ప్రాసెసరే ఫిర్యాదు చేసింది. షాపాయన మూడు గంటల టెస్ట్ కంటే ఈ ఒక్క నంబరు ఎక్కువ చెబుతుంది.

నా పుస్తకంలో పది రోజులకు పదిహేడు ఎంట్రీలు వచ్చాయి. అందులో ఆరు ప్లగ్ పీకినట్టు పోయినవి, ఆరింటికీ నంబరు సున్నా. ఐదు సాయంత్రం ఆరు, ఎనిమిది మధ్య. అపార్ట్‌మెంట్ మోటర్ వేసే టైము అదే కాబట్టి వోల్టేజీ పడిపోతోందనుకుని స్టెబిలైజర్ ధరలు చూడటం మొదలుపెట్టాను. అప్పుడు అమ్మ వంటింట్లోంచే అంది, "ఒరేయ్, నేను కూలర్ వేసినప్పుడల్లా నీ డబ్బా ఆగిపోతోంది, చూసుకున్నావా?" నవ్వేశాను. నా దగ్గర పీసీ వేడి, వోల్టేజీ రాసిపెట్టే హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాగులు ఉన్నాయి, సెన్సర్ల గ్రాఫులు ఉన్నాయి, అమ్మకేం తెలుసని.

మర్నాడు పరీక్ష పెట్టాం. నేను గేమ్ నడిపిస్తుంటే అమ్మ ఎయిర్ కూలర్ స్విచ్ వేసింది. ఏం కాలేదు. ఆపింది, మళ్ళీ వేసింది. నాలుగోసారికి గోడలోంచి సన్నగా 'చిట్' అని వినిపించింది, స్క్రీన్ ఆరిపోయింది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, ట్యూబ్‌లైట్ రెప్ప కూడా వేయలేదు.

ఎలక్ట్రీషియన్ వచ్చి ఎంసీబీ దింపి, సోఫా వెనకున్న బోర్డు విప్పాడు. నా సాకెట్‌కీ కూలర్ సాకెట్‌కీ న్యూట్రల్ ఒకటే. ఆ వైరు బిగించిన స్క్రూ సగం వదులై ఉంది. వైరు తొడుగు గోధుమరంగుకు తిరిగింది, రాగి కొస మసిబారింది, కాలిన ప్లాస్టిక్ వాసన. "ఇంకో ఎండాకాలం ఆగితే అంటుకునేదన్నా ఇది" అన్నాడు. కొసలు కత్తిరించి, కొత్త సాకెట్లు రెండు వేసి మూడొందలు తీసుకున్నాడు. ప్లగ్ పీకినట్టు పోవడం ఆ రోజుతో బంద్. అంతకుముందు రోజు దాకా నేను పదివేల పవర్ సప్లై మార్చే ఆలోచనలో ఉన్నాను.

ఇది గేమ్‌లోనే ఎందుకు జరుగుతుందో అర్థమైతే మీ అనుమానం గ్రాఫిక్స్ కార్డు మీదికి అంత తొందరగా పోదు. కరెంటు తెగినా పవర్ సప్లైలోని కెపాసిటర్లు కాసేపు నెట్టుకొస్తాయి. పవర్ సప్లైలకుండే ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం భారీ లోడ్ మీద అది 12 నుంచి 17 మిల్లీసెకన్ల మాట. మన 50 హెర్ట్జ్ కరెంటులో ఒక్క సైకిలే 20 మిల్లీసెకన్లు. కంటికి ఆనని తెగుడు కూడా లోడ్‌లో ఉన్న పీసీని పడగొట్టగలదు. బ్రౌజర్ చూస్తూ కూర్చున్నప్పుడు లోడ్ తక్కువ, కాబట్టి అదే నిల్వ చాలాసేపు వస్తుంది, చిన్న తెగుళ్ళు తెలియకుండానే దాటిపోతాయి. గేమ్ పెట్టగానే దొరికిపోతాయి. నేను కొన్న షాపు గోడలో ఆ వదులు స్క్రూ లేదు, అందుకే అక్కడ నడిపినప్పుడు ఏమీ కాలేదు. "మీ ఇంటి కరెంట్ చూస్కోండి సార్" అని షాపాయన అంటే తప్పించుకుంటున్నాడనుకున్నా. సగం నిజమే చెప్పాడు.

కాబట్టి మీరు రెండు రోజులు వేరే గదిలో, స్పైక్ బస్టర్ లేకుండా నేరుగా గోడ సాకెట్‌కి పెట్టి ఆడండి. బోర్డు మీరు విప్పొద్దు, పని తెలిసినవాణ్ణి పిలవండి. క్యాబినెట్ ఇనుప భాగం తాకితే వేళ్ళకి జివ్వుమంటే ఎర్తింగ్ లేనట్టే, అదీ చూపించండి. యూపీఎస్ మీద నడుపుతుంటే దాని వెనక వాట్లు చదవండి. మామూలుగా ఇళ్ళలో కొనే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్ల దగ్గర. మీ పీసీ ఒక్కటే అయితే ఆ అంచులో లాగుతుందేమో గానీ, పెద్ద మానిటర్ కూడా దాని మీదే ఉంటే కరెంటు పోయిన క్షణంలో చేతులెత్తేసినా ఆశ్చర్యం లేదు.

ఇక మిగిలిన పదకొండు ఎంట్రీలు. గోడ బాగయ్యాక కూడా గేమ్ డెస్క్‌టాప్‌కి పడిపోవడం ఆగలేదు. ఒక బ్లూ స్క్రీన్‌లో ఒక పేరు, ఇంకోసారి ఇంకో పేరు. క్రోమ్‌లో ట్యాబులు చచ్చిపోవడం, పెద్ద జిప్ ఫైల్ విప్పుతుంటే పాడైందనడం, మళ్ళీ విప్పితే సరిగ్గా రావడం. ఇలా తప్పు ఒక్కోసారి ఒక్కో చోట తేలుతుంటే ముందు ర్యామ్‌ని పట్టుకోవాలి.

మీ ర్యామ్ డబ్బా మీద 6000 అని ఉండొచ్చు. విండోస్ కంటే ముందు తెరిచే బయాస్ సెట్టింగుల్లో ఎక్స్‌పో అనే ర్యామ్ వేగం ఆప్షన్ ఆన్ చేస్తేనే ఆ వేగం వస్తుంది. 7600కి దాన్ని తయారుచేసే ఏఎండీ అధికారికంగా చెప్పే ర్యామ్ వేగం 5200. దానిపైన నడిపితే ఓవర్‌క్లాకింగ్ కిందే లెక్క. ఎక్కువమందికి ఏ ఇబ్బందీ రాదు, నాకొచ్చింది. షాపుల్లో అసెంబుల్ చేసేటప్పుడే ఎక్స్‌పో ఆన్ చేసి ఇస్తుంటారు, మీకు చెప్పకపోవచ్చు కూడా. దాన్ని ఆఫ్ చేసి వారం ఆడండి. ఆఫ్ చేశాక మొదటిసారి స్క్రీన్ కొన్ని నిమిషాలు నల్లగానే ఉండొచ్చు, డీడీఆర్5 తన లెక్కలు చూసుకుంటోంది. కంగారుపడి బటన్ నొక్కేయకండి. నేను నొక్కాను, మళ్ళీ మొదట్నుంచి కూర్చోవాల్సొచ్చింది.

ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి రాత్రి వదిలేయండి. ఉచిత వెర్షన్ నాలుగు పాస్‌లు, అంటే నాలుగు విడతల పరీక్ష చేస్తుంది, 32 జీబీకి గంటలు పడుతుంది. నేను మొదటిసారి ఒక పాస్ క్లీన్‌గా రాగానే ఆపేసి, "ర్యామ్ ఓకే" అని పుస్తకంలో రాసి కింద గీత కూడా గీశాను. ఆ గీత నాకు పది రోజులు తినేసింది. రెండోసారి పూర్తిగా వదిలితే మూడో పాస్‌లో రెండు ఎర్ర లైన్లు. రెండే కదా అనుకోవద్దు, ఒక్కటి వచ్చినా ఫెయిలే. ఎక్స్‌పో ఆఫ్ చేసి మళ్ళీ పెడితే నాలుగు పాస్‌లూ క్లీన్. బయాస్ అప్‌డేట్ చేశాక 6000 మీద తప్పులు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. 5600కి దించి వదిలేశాను, ఏడాది అయింది, మళ్ళీ రాలేదు. ఫ్రేములు తగ్గాయేమో, నా కంటికైతే తేడా తెలియలేదు. డబ్బా మీద 6000 అని రాసి అమ్మారు కాబట్టి మార్చమనడం న్యాయమే, నాకే ఓపిక లేకపోయింది. మీరు మార్చమంటే రెండు స్టిక్కులూ కలిపే ఇవ్వండి, అవి జత. ఎక్స్‌పో ఆఫ్‌లో కూడా తప్పులొస్తే మాత్రం ఒక్కో స్టిక్కు విడిగా, ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో పెట్టి టెస్ట్ చేయండి. ఏది పాడైందో తేలిపోతుంది.

అన్నట్టు, ర్యామ్ సరిగా లేనప్పుడు విండోస్ ఎక్కించడం మురికిగుడ్డతో నేల తుడవడమే. ఎక్కే ఫైళ్ళే పాడై ఎక్కొచ్చు. మీ రెండు ఫార్మాట్లూ అలా వృథా అయ్యాయేమో. ర్యామ్ తేలేదాకా మూడోది కొట్టకండి.

మీరు అనుమానిస్తున్న కార్డు విషయానికొస్తే, దాని తీరు వేరు. స్క్రీన్ నల్లబడి సౌండ్ వస్తుంటుంది, కార్డు ఫ్యాన్లు ఒక్కసారిగా హోరెత్తుతాయి, లేదా రంగురంగుల గళ్ళు కనబడతాయి. ఈవెంట్ వ్యూయర్‌లో డిస్‌ప్లే 4101 అని గానీ, ఎన్‌వీతో మొదలయ్యే నోరు తిరగని డ్రైవర్ పేరు గానీ ఉంటుంది. అవి ఉన్నా ముందు సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే టూల్‌తో పాత డ్రైవర్ తుడిచి కొత్తది వేయండి. మీ కార్డు లాగేది 160 వాట్ల దగ్గరే, 650 సరిపోతుంది. నా కార్డులాగా రెండు 8 పిన్ సాకెట్లు ఉన్నవాళ్ళు మాత్రం ఒకే కేబుల్ రెండు తలలతో కాకుండా రెండు వేరు కేబుళ్ళు వేసుకోవడం మంచిది.

వేడి గురించి అందరూ చెబుతారు, నేను పెద్దగా చెప్పను. 7600 95 డిగ్రీల దాకా తట్టుకునేలా చేసిందే, అది దాటబోతే వేగం తగ్గించుకుంటుంది గానీ ఊరికే ఆగిపోదు. ప్రాసెసర్ మీద బిగించిన కూలర్ అడుగున ప్లాస్టిక్ ఫిల్మ్ తీశారో లేదో చూడండి చాలు. ఎయిర్ కూలర్ తడిగాలి మాత్రం క్యాబినెట్ మీదికి తిప్పకండి. ఇది చదివే ఇంటెల్ 13, 14 తరం ఐ7, ఐ9 వాళ్ళుంటే వాళ్ళ దారి వేరే. వోల్టేజీ ఎక్కువై ప్రాసెసరే దెబ్బతినే సమస్య అది. 2024 ఆగస్టు నుంచి ఇంటెల్ దానికి సవరణలు ఇచ్చింది, వారంటీ రెండేళ్ళు పెంచింది. బయాస్ అప్‌డేట్ చేసుకోవాలి.

షాపుకి మళ్ళీ వెళ్తే ఉత్త చేతులతో వెళ్ళొద్దు. "గేమ్‌లో పోతోంది" అంటే మళ్ళీ మూడు గంటలు ఆన్ చేసి చూపిస్తారు. మెమ్‌టెస్ట్ ఎర్ర లైన్ల ఫోటో, మీ పుస్తకంలో పేజీ చూపిస్తే మాట మారుతుంది.

ఒకేసారి ఒక్కటే మార్చండి. ఈ వారం గోడ, వచ్చే వారం ఎక్స్‌పో. ఈలోగా ఆ 41 ఎంట్రీల్లో నంబరు సున్నానా, వేరేదా చూసి చెప్పండి. రెండు రకాలూ ఉంటే మీదీ నా కేసే.