కాకి మా అత్తగారినే ఎందుకు తంతోంది?

ప్రశ్న: మా పెరట్లో వేపచెట్టుందండి. పది రోజుల నుంచి మా అత్తగారు బట్టలు ఆరేయడానికి వెళ్తే చాలు, ఒక కాకి వెనక నుంచి వచ్చి తల మీద తన్ని పోతోంది. నన్నూ పిల్లల్నీ ఏమీ అనదు. కాకి తంతే శనిదోషం అని ఎవరో చెప్పారు, అప్పట్నుంచి ఆవిడ పెరట్లోకి రావడమే మానేశారు. ఎందుకిలా చేస్తోంది?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: దోషం ఏమీ లేదమ్మా, ముందు ఆవిడకి ధైర్యం చెప్పండి. ఆ చెట్టు మీద గూడుంది, అంతే. ఊరకాకులు మన దగ్గర ఎక్కువగా ఏప్రిల్ నుంచి జూన్ దాకా గూళ్ళు పెడతాయి, గుడ్లు పొదగడానికి రెండు వారాల పైన, పిల్లలు రెక్కలొచ్చి బయటికి రావడానికి ఇంకో మూడు నాలుగు వారాలు, ఆ నెలన్నరా వాటికి కంటి మీద కునుకుండదు. గూట్లో పెరిగేది కోకిల పిల్లే అయినా సరే అదే కాపలా, పాపం దానికి తెలీదు కదా.

మరి ఆవిడే ఎందుకంటే, ఈమధ్య దోటీతో వేప మండలు కోశారా, కింద పడిన కాకిపిల్లని చీపురుతో పక్కకి జరిపారా అడిగి చూడండి. కాకులు మనిషి మొహం గుర్తుపెట్టుకుంటాయి. 2006లో అమెరికాలో సియాటిల్‌లో వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ళు ఆదిమానవుడి మాస్క్ పెట్టుకుని కొన్ని కాకుల్ని పట్టి, కాళ్ళకి రింగులు వేసి వదిలేశారు, తర్వాత ఏళ్ళు గడిచినా ఆ మాస్క్ ఎవరు పెట్టుకుని నడిచినా కాకులన్నీ మూగి అరిచేవి, వేరే మాస్క్‌ని పెద్దగా పట్టించుకునేవి కావు. అవి మన ఊరకాకులు కావు, వాటి దాయాదులు.

ఓ వేసవిలో మా కొబ్బరిచెట్టు కాకి నన్నూ ఇలాగే పట్టుకుంది. గొడుగేసుకుని వెళ్తే గొడుగు మీద టప్పున కొట్టి, పక్క గోడెక్కి, కోపం ఆపుకోలేక ముక్కుతో గోడనే టకటకా పొడిచింది, అప్పుడు దాని మీద నాకు జాలేసింది. మీరూ గొడుగు వాడండి, లేదా ఈ కొన్నాళ్ళు దండెం ఇంకోవైపు కట్టండి. వెనక నుంచే వస్తుంది కాబట్టి తిరిగి దానివైపు చూస్తే చాలాసార్లు తప్పుకుని పోతుంది. గూడు మాత్రం దయచేసి పడగొట్టించకండి. ఈకలొచ్చిన పిల్ల కింద కనిపిస్తే ఇంట్లోకి తేవద్దు, తల్లీతండ్రీ అక్కడికే వచ్చి మేత పెడతాయి, కుక్కా పిల్లీ భయముంటే కాస్త ఎత్తైన కొమ్మ మీద పెట్టండి చాలు. మనం ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందన్నది ఉత్త మాట.

ప్రశ్న: రోజూ పొద్దున్నే నల్లగా నీలంగా మెరిసే చిన్న పిట్ట ఒకటి వచ్చి నా బండి అద్దాన్ని గంటసేపు పొడుస్తోంది సార్. దానికేమన్నా జబ్బా?
– ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: జబ్బు కాదండి, అది మగ తేనెపిట్ట. అద్దంలో కనిపించేది తనే అని దానికి తెలీదు, తన చోటులోకి ఇంకో మగపిట్ట జొరబడిందనుకుని తరుముతోంది, అవతలిది ఎంతకీ పారిపోదు కదా, అందుకే రోజూ వస్తోంది. దగ్గర్లోనే ఏ సన్నకొమ్మకో సంచిలా వేలాడే గూడు ఉండుంటుంది, సాలెగూడు దారాలతో అతికించి ఆడపిట్ట కడుతుంది, జాగ్రత్తగా చూస్తే ఎండుటాకుల చెత్తలా కనిపిస్తుంది.

బండి ఆపగానే అద్దానికి పాత సాక్స్ తొడిగేయండి. పోట్లాటలో మేత కూడా మర్చిపోతుంది, అదీ నా దిగులు. కిటికీ అద్దం దగ్గర ఇదే గొడవైతే లోపల కర్టెన్ వేయడం కాదు, దాంతో ఒక్కోసారి ప్రతిబింబం ఇంకా బాగా కనిపిస్తుంది, బయటివైపు పేపరో గుడ్డో అతికించండి. గుడ్లు పెట్టే రోజులు అయిపోతే దానంతటదే మానేస్తుంది, అప్పటికి ఆ మెరుపు కూడా పోయి పసుపుగా, గొంతు కింద ఒక్క నల్లగీతతో మిగులుతుంది, అదే పిట్ట అంటే మీరు నమ్మలేరు.