చిరంజీవి అమ్మాయికి, గ్రామోఫోన్ రికార్డుల విషయమై

కర్నూలు,
ఫిబ్రవరి.

చిరంజీవి అమ్మాయికి పెద్దనాయన ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మొన్న రాత్రి మీ నాయన ఫోన్ చేసి, "ఒకే రికార్డును నాలుగు దేశాల నుంచి నాలుగు సార్లు కొంటానంటోంది అన్నా, నువ్వైనా బుద్ధి చెప్పు" అని మొత్తుకున్నాడు. సరేనన్నాను గానీ, ఫోన్ పెట్టేశాక చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నాను. ఈ పిచ్చి మన ఇంట్లో నాతోనే ముగిసిపోతుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. పైగా నీవు ఎంచుకున్నది కూడా నేను ప్రాణం పెట్టిన 1973 నాటి ఇంగ్లండు రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ వారి ఆల్బమ్ 'ది డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' అని తెలిసి సంతోషించాను. కానీ పడుకున్న తరువాత నీ గది అనంతపురంలో మిద్దె పై అంతస్తులో ఉందనీ, దానికి పడమటి కిటికీ ఉందనీ గుర్తుకు వచ్చి, తెల్లవారేవరకూ నిద్ర పట్టలేదు.

రికార్డులను ఒకదానిపై ఒకటి పేర్చకుండా నిలువుగా పెట్టాలనీ, అంచులు పట్టుకొనే ఎత్తాలనీ, ముల్లు బరువు దాని తయారీదారు చెప్పినంతే ఉంచాలనీ నీకు నేను చెప్పనవసరం లేదు.

ఒకే రికార్డు చోటుకొక తీరుగా ఎందుకు పలుకుతుందో మాత్రం మీ నాయనకు అర్థమయ్యేలా చెప్పడం నేర్చుకో. టేపు మీది పాటను మొదట లాకర్ అనే మెత్తని పూత పూసిన పలకపై గాడిగా చెక్కుతారు. దాని నుంచి లోహపు అచ్చులు తీసి, చివరి అచ్చు అయిన స్టాంపరుతో రికార్డులను నొక్కుతారు. నొక్కిన కొద్దీ స్టాంపరు అరిగిపోతుంది కనుక కొత్తది చేయాలి. వేరే దేశంలో వేసేటప్పుడు చాలాసార్లు టేపు నకలు తెప్పించుకొని అక్కడే మళ్ళీ చెక్కుతారు. ఈ ఆల్బమ్ 1973కూ 1988కూ మధ్య అమెరికాలో బాగా అమ్ముడయ్యే ఆల్బమ్‌లను చూపే బిల్‌బోర్డ్ పట్టికలో 741 వారాలు నిలిచింది. అంత గిరాకీకి ఎన్ని అచ్చులు అరిగి ఉంటాయో నీవే ఊహించుకో.

కొనేటప్పుడు అట్టను చూసి మురిసిపోవద్దు. చివరి పాట అయ్యాక గాళ్ళకూ లేబులుకూ మధ్య మిగిలే నున్నటి పట్టీని చూడు. లండన్ ఈఎంఐ వారి తొలి ప్రతి అయితే అక్కడ ఎస్‌హెచ్‌వీఎల్ 804 అనే అంకె పక్కన ఒక వైపు ఏ-2 అనీ, రెండో వైపు బీ-2 అనీ ఉంటుంది. లేబులు మీది త్రిభుజం లేత నీలం రంగుతో పూర్తిగా నిండి ఉంటుంది. తరువాతి ప్రతులలో ఆ త్రిభుజానికి గీతలే మిగిలాయి. ఆ అంకెను కిందికి ఉంచి చూస్తే, ఎడమ పక్కన, స్టాంపరును తీసిన 'తల్లి' అచ్చు సంఖ్య, కుడి పక్కన స్టాంపరు సంఖ్యకు బదులు ఆంగ్ల అక్షరాలు కనిపిస్తాయి. ఈఎంఐ వారి గ్రామోఫోన్ కంపెనీ లిమిటెడ్ పేరును కుదించి జీ, ఆర్, ఏ, ఎమ్, ఓ, పీ, హెచ్, ఎల్, టీ, డీ అనే పది అక్షరాలకు వరుసగా 1 నుంచి 9, ఆపై సున్నా అని విలువ కట్టారు. కనుక జీ ఒక్కటే ఉంటే మొదటి స్టాంపరు, జీఏ ఉంటే 13వది. మద్రాసు మూర్ మార్కెట్‌లో కాగితంపై ఈ అక్షరాలు రాసుకొని అంగడి అంగడికీ తిరిగిన రోజుల్లో నాకు తిండి కూడా గుర్తుండేది కాదు.

వినకుండా మాత్రం డబ్బు ఇవ్వకు. మొదటి వైపు గుండె చప్పుడుతో, ఇంచుమించు నిశ్శబ్దంలో నుంచి మొదలవుతుంది. చిటపటలుంటే అక్కడే బయటపడతాయి. రెండో వైపు ఆఖరి పాటను తప్పకుండా విను. బయటి అంచున సెకనుకు సుమారు 50 సెంటీమీటర్ల చొప్పున కదిలే గాడి, లేబులు దగ్గరికి వచ్చేసరికి అందులో సగం కూడా కదలదు. అందుచేత ముల్లు అరగదీసిన గాడి ఆ చివరి హోరులోనే గరగరమంటుంది. ఇక, 180 గ్రాముల బరువుంటే గొప్పగా పలుకుతుందన్న అమ్మకపు మాట నమ్మితే నీ అంత తెలివితక్కువది లేదు. దళసరి రికార్డు చేతికి బాగుంటుంది, అంతే.

ఇప్పుడు నేను అసలు రాయదలచిన సంగతికి వస్తాను. నా రికార్డులు వరదలో పోయాయని మీరందరూ అనుకుంటున్నారు. అది నిజం కాదు. నేనే వాటిని పోగొట్టుకున్నాను.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీదికి వచ్చినప్పుడు మేము కట్టుబట్టలతో బయటపడ్డాము. నీళ్ళు తీశాక తిరిగి వచ్చి చూస్తే చెక్క బీరువా కింది అరలో ఈ ఆల్బమ్ ప్రతులు నాలుగూ ఒండ్రులో కూరుకుపోయి ఉన్నాయి: మూర్ మార్కెట్‌లో దొరికిన ఇంగ్లండు ప్రతి, ఓడ ఉద్యోగం చేసే స్నేహితుడు తెచ్చిన జపాను ప్రతి, ఒక అమెరికా ప్రతి, కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో అచ్చయిన మన దేశపు ప్రతి. నీళ్ళు వినైల్‌ను ఏమీ చేయవు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా ఆత్రపడ్డాను. అట్టలు ముద్దలై రికార్డులకు అంటుకొని ఉంటే, నానబెట్టి మెల్లగా విడదీయకుండా బరబరా పీకి, పిరమిడ్ల పోస్టరుతో సహా బురదకుప్పలో పారవేశాను. జపాను ప్రతి అట్టకు చుట్టిన, ఓబీ అనే సన్నని కాగితం నా వేళ్ళకే అంటుకొని చిరిగిపోయింది. అప్పటికి రెండు రోజులుగా ఎండ తీవ్రంగా కాస్తోంది. మూడింటిని కడిగి, మీ పెద్దమ్మ వడియాలు ఆరబోసినట్టుగా మిద్దె మీది రేకులపై వరుసగా పరచి, వంటగదిలోని ఒండ్రు ఎత్తిపోయడానికి కిందికి దిగాను. డమ్‌డమ్ ప్రతి ఎందుకూ కొరగాదని ఎప్పుడూ నాకు చిన్నచూపే కనుక, దానిని మెట్ల కింద నీళ్ళ బకెట్‌లోనే వదిలేశాను.

ఒంటిగంట దాటాక గుర్తుకు వచ్చి పైకి పరుగెత్తాను. నల్లని వస్తువు, కాలిన రేకు, పైన సూర్యుడు. మూడూ నూనెలో వేసిన అప్పడాల్లా అంచులు లేచి, నడుములు వంగి ఉన్నాయి. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. వాటిని మెత్తబడి ఉండగానే రెండు అద్దాల మధ్య పెట్టి, పైన సన్నికల్లు ఎత్తాను. అవి చదునైనట్టే కనిపించాయి గానీ, కడగడంలో గాళ్ళలో మిగిలిన ఇసుకంతా శాశ్వతంగా దిగబడిపోయింది. ఇంగ్లండు ప్రతి లేబులు మరకలు పట్టి త్రిభుజమే కనబడకపోయినా, పట్టీపై ఏ-2 అన్నది నేటికీ చదవవచ్చు. ఆ సాయంత్రం మీ పెద్దమ్మ, ఇల్లు పోయినందుకు కూడా ఏడవనివాడిని దీనికి ఏడుస్తున్నానని కోప్పడి, తరువాత తానే పక్కన కూర్చుంది.

కనుక అమ్మా, విదేశాల నుంచి తెప్పించుకొనేవి నవంబరుకూ ఫిబ్రవరికీ మధ్యనే చేరేటట్లు చూసుకో. ఏప్రిల్‌లో కొరియరు వ్యాను లోపల ఒక పగలు నిలిచిన పార్శిలును నేను ముట్టుకోను. పడమటి కిటికీకి ఎదురుగా అర పెట్టవద్దు. కింది అర నేలకు మూరెడు ఎత్తున ఉండాలి. పై అంతస్తుకు వరద రాదని నీవు నవ్వుతావని తెలుసు, అయినా నా కోసం అలా చేయించు. బోరు నీళ్ళతో కడగకు. మన సీమ నీళ్ళలోని ఉప్పు ఆరాక గాడిలో తెల్లగా పేరుకుంటుంది. కార్ల బ్యాటరీలు అమ్మే అంగడిలో డిస్టిల్డ్ వాటర్ దొరుకుతుంది. మెత్తని పీవీసీ కవర్లలో రికార్డులను ఏళ్ళ తరబడి ఉంచితే పైన పొగ పట్టినట్టు మచ్చ పడి, పాటలో బుసబుస వినిపిస్తుంది. కవర్లకు పాలిథీన్ అయితే మంచిది. ప్రతి రికార్డు పట్టీ మీది అక్షరాలను ఒక నోటు పుస్తకంలో ఎక్కించి, ఆ పుస్తకాన్ని వేరే ఇంట్లో ఉంచు. మా ఇంట్లోనే ఉంచు.

బకెట్‌లో మిగిలిన డమ్‌డమ్ ప్రతి ఇంకా నా దగ్గర ఉంది. అట్ట లేదు, మొదటి వైపు రెండు చోట్ల టిక్కుమంటుంది, కానీ చదునుగా తిరుగుతుంది. పదహారేళ్ళుగా నేను వింటున్నది దానినే. నీ వరుసలో మన దేశపు ప్రతి లేదని మీ నాయన చెప్పాడు. వచ్చే ఆదివారం ఉదయం బస్సుకు వచ్చి మీ పెద్దమ్మ చేతి ఉగ్గాని తిని, దానిని తీసుకొనిపో. ఏ-2 ప్రతిపై స్టాంపరు అక్షరాలు నా కళ్ళకు ఆనడం లేదు కనుక వచ్చేటప్పుడు భూతద్దం తెచ్చుకో. తిరుగు ప్రయాణం మాత్రం చీకటి పడ్డాకే, రికార్డును ఒడిలో నిలువుగా పెట్టుకొని.

ఇట్లు,
మీ పెద్దనాయన