44 ఏళ్ల వయసులో కన్సల్టింగ్ సంస్థలో పార్ట్‌నర్ కావడానికి ప్రయత్నించవచ్చా?

హైదరాబాద్‌లో డైరెక్టర్‌గా ఉన్నారు, మూడేళ్లలో పార్ట్‌నర్‌ను చేస్తామంటున్నారు, దేవరకొండలో అమ్మానాన్నలు పెద్దవాళ్లయ్యారు అని రాశారు. ఆరేళ్ల కిందట మీ వయసులోనే నాకూ ఇదే అవకాశం వచ్చింది. మాది కనగల్ దగ్గర పల్లె.

దాన్ని ప్రమోషన్ అనుకున్నాను. కాదు, ఉద్యోగం వదిలి వాటా కొనుక్కోవడం. నా వంతు మూలధనం కట్టమన్నారు. ఇంట్లో ఆ మాట చెప్పగానే బాపు లోపలికి వెళ్లి, ఇనుప పెట్టెలోంచి పట్టాదారు పాసు పుస్తకం తెచ్చి మంచం మీద పెట్టాడు. ప్లాస్టిక్ కవరులో చుట్టి, దారంతో కట్టి ఉంది. రెండెకరాల బత్తాయి తోట. "అమ్ముదాం బిడ్డా. ఆ డబ్బుకు వడ్డీ ఇస్తారా? నువ్వు బయటికొస్తే అసలు ఎప్పుడిస్తారు?" అన్నాడు. నాకు తెలియదు. సిగ్గేసింది.

సోమవారమే ఒప్పంద పత్రం అడిగి తీసుకుని చదివాను. మీరూ ముందు ఆ పని చేయండి. వడ్డీ, మూలధనం తిరిగిచ్చే వాయిదాలు, దిగిపోవాల్సిన వయసు, వెళ్లాక పాత క్లయింట్ల జోలికి పోకూడని కాలం అందులో వెతకండి. ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం) అయితే, మీ సొంత తప్పుకు తప్ప, సంస్థ అప్పులు మీ ఇంటిదాకా రావు. 1932 చట్టం కింద నడిచే మామూలు భాగస్వామ్యమైతే పొలం దాకా వస్తాయి. ఉద్యోగి కారు కాబట్టి పీఎఫ్, గ్రాట్యుటీ అక్కడితో ఆగుతాయి. లాభంలో వాటా మీద పన్ను సంస్థే కడుతుంది. పారితోషికం, వడ్డీ కలిపి ఏడాదికి 20 వేలు దాటితే, 2025 ఏప్రిల్ నుంచి 10 శాతం పన్ను కింద ముందే పట్టుకుని ఇస్తున్నారు.

వీటన్నిటికంటే ముఖ్యం, పని ఉన్నప్పుడు క్లయింట్లు ఎవరికి ఫోన్ చేస్తున్నారన్నది. పార్ట్‌నర్ బతుకంతా పని తేవడమే. ఒక రాత్రి కూర్చుని ఆ ఏడాది నేను చేసిన పనులన్నీ రాసుకున్నాను. నన్ను వెతుక్కుంటూ వచ్చినవి రెండే. మిగతావన్నీ నా పైనున్న పార్ట్‌నర్ మాట మీద వచ్చినవి. పొలం అమ్మకుండా మూలధనానికి అప్పు చేస్తే, అది తీరేసరికి నాకు 51, అక్కడ 58కి దిగిపోవాలి. వద్దన్నాను.

ఇప్పుడు చిన్న సంస్థలో ఉన్నాను. ఆదాయం బాగా తగ్గింది, అది దాచను. శుక్రవారం సాయంత్రం నార్కట్‌పల్లి దగ్గర హైవే దిగి నల్లగొండ దారి పడితే మాత్రం ప్రాణం తేలికపడుతుంది. మీ లెక్క వేరు కావచ్చు. క్లయింట్లు మీ పేరు చెప్పి మిమ్మల్నే అడుగుతుంటే ధైర్యంగా ప్రయత్నించండి, 44 ఆలస్యమేమీ కాదు.

ఒకవేళ వద్దనుకుంటే, అమ్మానాన్నల కోసం వదులుకున్నానని వాళ్లతో అనకండి. నేను అన్నాను. మా అమ్మ మూడు రోజులు సరిగా అన్నం తినలేదు.