ఎడిట్ పేజీ చదివి కోపమొచ్చినప్పుడు

మీ ప్రశ్న – నా జవాబు

ఈస్టరు వెళ్లిందో లేదో ఉత్తరాలు కట్టలు కట్టి వచ్చాయి. ఎక్కువ శాతం పేపర్లలో వచ్చిన వ్యాసాల మీదే. పేరు వేయొద్దని చాలామంది కోరారు కాబట్టి ఈసారి అందరికీ పేట పేరు మాత్రమే వేస్తున్నాను.

ప్రశ్న: అంకుల్, వందనాలు. నేను డిగ్రీ సెకండియర్. మా ఇంటికొచ్చే పేపర్లో ఎడిట్ పేజీలో ఒక వ్యాసం వచ్చింది. తెలుగు క్రైస్తవులంతా కరువులో గంజి కోసం మతం మారినవాళ్లేనని, బ్రిటిష్‌వాళ్లు దగ్గరుండి మార్పించారని రాశారు. నేను నాలుగు పేజీల జవాబు పంపాను. వేయలేదు. ఇది వివక్ష కాదా? నా జవాబు కాపీ మీకూ పంపుతున్నాను. – ఒక విద్యార్థి, మౌలాలి

జవాబు: బాబూ, వివక్ష సంగతి తర్వాత చూద్దాం. నాలుగు పేజీల ఉత్తరం మోషే రాసి పంపినా ఏ డెస్కూ వేయదు. రిటైరయ్యే దాకా ఈ హైదరాబాద్‌లోనే ఒక దినపత్రికలో పాఠకుల ఉత్తరాలు చూడటమే నా పని. నూట యాభై మాటలు దాటిన ఉత్తరానికి కత్తెర పడుతుంది. నాలుగు పేజీలైతే విప్పకుండానే పక్కకు పోతుంది.

నీ కాపీని ఎర్ర పెన్ను పట్టుకుని చదివాను. మొదటి పేజీ అంతా ఆ రచయిత ఏ పార్టీ మనిషి, ఆయనకు పదవి ఎవరిచ్చారు అన్న గొడవే. కొట్టేశాను. రెండో పేజీలో ఆయన ఇంటిపేరు మీద ఒక విసురు ఉంది. పెన్ను కాగితం చిరిగేలా నొక్కి మరీ కొట్టేశాను. "నీ పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకకూడదు" అన్న ఆజ్ఞలో ఆ పొరుగువాడు మన పార్టీవాడై ఉండాలని ఎక్కడా లేదు. మూడో పేజీలో "మావాళ్లలో ఒక్కరు కూడా తిండి కోసం రాలేదు" అన్నావు. అంత మందిలో ఎవరి మనసులో ఏముందో నువ్వు హామీ ఎలా ఇస్తావు? నాలుగో పేజీలో, సంతకానికి కాస్త పైన, "క్లౌ దొర కరువులో బాప్తిస్మాలు ఇవ్వలేదని మా తాతయ్య చెప్పేవాడు" అని ఒక్క వాక్యం రాశావు. నీ ఉత్తరం అక్కడ మొదలవ్వాలి.

తాతయ్య చెప్పింది నిజమే. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో పని మొదలుపెట్టింది 1866లో. తోళ్ల వ్యాపారం చేసుకునే యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నదీ ఆ ఏడే. ఆయన వెనక ఆయన బంధువులూ, కులంవాళ్లూ వచ్చారు. అంటే 1876–78 కరువుకు పదేళ్ల ముందే మొదలైన కదలిక అది. కరువు వచ్చాక క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు కూలి పని చూపించాడు. ఆ పనులు నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. గంజి కోసం మారారన్న మాట పడకూడదనే ఆపాడు. కరువు తగ్గాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. తిండి కోసమే అయితే తిండి దొరకని రోజుల్లో జరగాలి కదా!

అవతలివాళ్లు ఇక్కడ ఒక మాట అనగలరు: కరువులో కూలి ఇచ్చిన దొర మీద కృతజ్ఞతతో వచ్చారని. అననీ. కొంత నిజం కూడా అయ్యుండొచ్చు. ఊరి బావి దగ్గరికి రానివ్వని మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడినవాడి దేవుడెవరో తెలుసుకోవాలనిపించడం ఏం నేరం? ఆ వ్యాసం రాసినాయన అడగాల్సింది గంజి ఎవరు పోశారని కాదు, అంతకుముందు ఎవరూ ఎందుకు పోయలేదని. ఈ వాక్యం మాత్రం ఉత్తరంలో పెట్టకు, చురక అవుతుంది. ఇంట్లో చదువుకో.

ఇక బ్రిటిష్‌వాళ్ల ముచ్చట. 1813 చార్టర్ చట్టం వచ్చేదాకా ఈస్టిండియా కంపెనీ తన ఇలాకాలో మిషనరీలను అడ్డుకుంటూనే వచ్చింది. అందుకే ఇంగ్లిష్ మిషనరీ విలియం కేరీ 1800లో బెంగాల్‌లో డేనిష్‌వాళ్ల చేతిలో ఉన్న శ్రీరాంపూర్‌కు మకాం మార్చాడు. క్లౌ అయితే అసలు బ్రిటిష్‌వాడే కాదు. మన మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది నిజాం రాజ్యంలో. కట్టించిన పాస్నెట్ మాత్రం ఇంగ్లిష్‌వాడే, అది దాచకు. 1813 తర్వాత తెల్లవాళ్ల పాలన మిషన్లకు ఏ విధంగానూ కలిసిరాలేదని కూడా రాయకు. అది అబద్ధమవుతుంది, అవతలివాడు దాన్నే పట్టుకుని మిగతాదంతా కొట్టిపారేస్తాడు.

పేరయ్య, కాలువ, గుండ్లకమ్మ. ఈ మూడే తేదీలతో రాసి, నీ పూర్తి పేరు, అడ్రసు పెట్టి మళ్లీ పంపు. అప్పుడూ వేయకపోతే వివక్ష గురించి మాట్లాడుకుందాం.

ప్రశ్న: సార్, నేను సండే స్కూల్ టీచర్ని. ఆదివారం అనుబంధంలో "యేసు కాశ్మీరులోనే కన్నుమూశాడా?" అని వ్యాసం వేశారు. పిల్లలు పేపరు కటింగు పట్టుకొచ్చి అడిగారు. ఏం చెప్పాలో తోచక ప్రార్థన చేసి పంపేశాను. – ఒక సోదరి, ఉప్పల్

జవాబు: ప్రార్థన మంచిదేనమ్మా, కానీ పిల్లలు అడిగింది జవాబు. కటింగు నేనూ చూశాను. అందులో ఒకదానితో ఒకటి పొసగని రెండు కథలున్నాయి. రెండు సినిమాల రీళ్లు కలిపి అతికించినట్టు ఉంది.

మొదటిది నికోలాస్ నోటోవిచ్ అనే రష్యా దేశస్థుడిది. లడఖ్‌లోని హెమిస్ మఠంలో పాత ప్రతులు చూశానని, యేసు యువకుడిగా ఇటు వచ్చి చదువుకున్నాడని 1894లో పారిస్‌లో పుస్తకం వేశాడు. ఈ కథలో యేసు తిరిగి వెళ్లిపోతాడు, అక్కడే సిలువ మీద చనిపోతాడు. రెండోది అహ్మదీయ ఉద్యమ స్థాపకుడు మీర్జా గులాం అహ్మద్ 1899లో రాసింది. దీని ప్రకారం యేసు సిలువ మీద చనిపోలేదు, బతికి బయటపడి ఇటు వచ్చాడు, శ్రీనగర్ రోజాబల్‌లో ఉన్నది ఆయన సమాధే. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కావాలి. మన వ్యాసకర్త మాత్రం మొదటిదాన్ని రెండోదానికి సాక్ష్యంగా చూపించారు. ఈ ఒక్క సంగతి బోర్డు మీద రెండు గీతలు గీసి చెబితే ఆరో క్లాసు పిల్లకు కూడా అర్థమవుతుంది.

నోటోవిచ్‌ను నిలదీసింది పాస్టర్లు మాత్రమే కాదు. ఋగ్వేదాన్ని పరిష్కరించి అచ్చు వేయించిన మాక్స్‌ముల్లర్ ఆ ఏడాదే దాన్ని కొట్టిపారేశారు. 1895లో ఆర్చిబాల్డ్ డగ్లస్ అనే ప్రొఫెసరు పనిగట్టుకుని హెమిస్‌కే వెళ్లి మఠాధిపతిని అడిగితే, అలాంటి గ్రంథమే లేదన్నాడాయన. తర్వాత 1922లో అక్కడికి వెళ్లిన స్వామి అభేదానంద తనకు ఆ ప్రతి చూపించారని చెప్పారు. ఇదీ పిల్లలకు చెప్పండి. మీరు దాస్తే రేపు యూట్యూబ్‌లో చూసి, టీచరు దాచిందనుకుంటారు. కానీ పండితులు పరిశీలించగలిగే రాతప్రతిని ఇన్నేళ్లలో ఎవరూ బయటపెట్టలేదు.

మన వైపు సాక్ష్యం ఏమిటంటారా? పౌలు కొరింథీయులకు మొదటి పత్రిక రాసింది సుమారు క్రీ.శ. 55లో. సిలువకు పాతికేళ్లు కూడా దాటలేదు. లేచిన ప్రభువును ఐదువందల మందికి పైగా చూశారని, వాళ్లలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారని 15వ అధ్యాయంలో రాశాడు. కావాలంటే వెళ్లి అడగండి అన్నట్టే కదా. అబద్ధమాడేవాడు బతికున్న సాక్షులను చూపించడు.

ప్రశ్న: వాట్సాప్‌లో రెండు వ్యాసాలు తిరుగుతున్నాయి. ఒకదాంట్లో 1977లోనే సుప్రీంకోర్టు మతం మారడాన్ని నిషేధించిందని ఉంది. ఇంకోటి మన సహోదరుడే రాశారు. మతం మార్చడం మన రాజ్యాంగ హక్కని, నిజమైన క్రైస్తవుడైతే ఫలానా పార్టీకే ఓటెయ్యాలని. మా సంఘంలో దీన్ని ఆరాధన తర్వాత చదివి వినిపించారు కూడా. ఏది నమ్మాలి? – ఒక సంఘ పెద్ద, బొల్లారం

జవాబు: రెండూ నమ్మకండి అన్నా. రాజ్యాంగం 25వ అధికరణ మతాన్ని నమ్మే, ఆచరించే, ప్రచారం చేసుకునే స్వేచ్ఛ ఇచ్చింది, శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం అనే షరతులకు లోబడి. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో ప్రచారపు హక్కు ఉండకూడదని కొందరు గట్టిగా వాదిస్తే, ఉండాలని నిలబడినవాళ్లలో కె.ఎం. మున్షీ, టి.టి. కృష్ణమాచారి ఉన్నారు. ఇద్దరూ హిందువులే. మనవాళ్ల వ్యాసాల్లో వీళ్ల పేర్లు ఎప్పుడూ కనబడవు ఎందుకో!

1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు మధ్యప్రదేశ్, ఒరిస్సా చట్టాలను సమర్థిస్తూ, ప్రచారం చేసే హక్కులో ఇంకొకరిని మార్చే హక్కు లేదంది. బలవంతం, మోసం, ఆశ చూపడం మీద ఆ చట్టాల గురి. మనిషి తన ఇష్టంతో తన మతం మార్చుకోవడాన్ని ఆ తీర్పు నిషేధించలేదు. తీర్పు తర్కంతో నాకు పేచీ ఉంది. సీర్వాయ్ లాంటి రాజ్యాంగ పండితుడే దాన్ని తప్పుబట్టారు. అయినా ఉన్న తీర్పును లేనట్టు రాసిన మన సహోదరుడిది, లేని నిషేధాన్ని ఉన్నట్టు రాసిన అవతలాయనది ఒకటే దోషం.

ఓటు సంగతి: మతం పేరుతో ఓట్లడగడం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ కింద అవినీతి చర్య. అభ్యర్థి అడిగినా, ఆయన సమ్మతితో ఇంకొకరు అడిగినా అంతే. ఓటరు మతాన్ని చూపి అడిగినా కుదరదని 2017 జనవరిలో ఏడుగురు జడ్జీల ధర్మాసనం తేల్చింది. చట్టాన్ని పక్కన పెట్టినా, వాక్యం చదివే చోట ఫార్వర్డ్ మెసేజ్ చదివారంటే పాస్టరు గారితో మీ పెద్దలు కూర్చుని మాట్లాడాల్సిందే. ఫోన్లో కాదు, కూర్చుని.

ప్రశ్న: "క్రైస్తవంలో కులం లేదంటారు, మళ్లీ ఎస్సీ హోదా అడుగుతారు, ఇదేం న్యాయం?" అని ఒక ఇంగ్లిష్ పేపర్ వ్యాసం. చదివి తల కొట్టేసినట్టయింది. – మెట్టుగూడ

జవాబు: ప్రశ్న న్యాయమైనదే, ఉలిక్కిపడకండి. సిద్ధాంతంలో లేదు. సమాజంలో ఉంది. మనలోనూ ఉంది. ఏ క్రైస్తవ పత్రికైనా తిప్పి పెళ్లి ప్రకటనలు చూడండి. "రక్షణ పొంది, బాప్తిస్మం తీసుకున్న, సంగీతం తెలిసిన వధువు కావలెను" అని మొదలుపెట్టి, ఆఖర్న కులం రాస్తారు, దాని పక్కన శాఖ కూడా. ఆ ప్రకటనలు ఆపకుండా ఎడిట్ పేజీలో సమానత్వం గురించి రాస్తే ఎవరు నమ్ముతారు?

వ్యాసకర్త వదిలేసింది ఇంకొకటి ఉంది. ఎవరు ఎస్సీలో చెప్పే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మతాన్ని బట్టి గీత గీసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. వాళ్ల మతాల్లోనూ సిద్ధాంతరీత్యా కులం లేదు. అప్పుడు అడగని ప్రశ్న మనల్నే అడగడం దేనికి? రంగనాథ్ మిశ్రా కమిషన్ ఎస్సీ హోదాకు మతంతో ఉన్న ముడి తీసేయమంది. ఇదే సంగతి పరిశీలించమని 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. ఇదంతా అడగండి, గట్టిగానే అడగండి. కానీ మన రాష్ట్రాల్లో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లకు బీసీ-సీ కోటా ఉన్నా, ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గర చెయ్యి చాచి, సోమవారం ఎమ్మార్వో ఆఫీసులో ఎస్సీ సర్టిఫికెట్ కోసం హిందువునని సంతకం పెట్టేవాళ్ల గురించి ఏమనాలి? 2024 నవంబరులో సుప్రీంకోర్టు సెల్వరాణి కేసులో దాన్ని రాజ్యాంగాన్ని మోసం చేయడమంది. అవసరం ఎంత పెద్దదో నాకు తెలుసు, ఆ ఇళ్లకు నేను వెళ్తూనే ఉంటాను. అయినా ఆ సంతకం తప్పే.

ప్రశ్న: గర్భస్రావం గురించి చర్చిలు మాట్లాడటం స్త్రీల హక్కుల్లో మతం జోక్యం చేసుకోవడమేనని ఒక రచయిత్రి రాశారు. మీరేమంటారు? – తార్నాక

జవాబు: 1971 చట్టాన్ని 2021లో సవరించి, కొన్ని వర్గాల స్త్రీలకు గడువు 24 వారాలకు పెంచారు. కడుపులో ఉన్నది ప్రాణమని నమ్మేవాడికి అది తప్పని చెప్పే హక్కు, తప్పు కాదని చెప్పే ఆమెకున్నంత ఉంది. ఆలోచన గుడి నుంచి వచ్చిందా, యూనివర్సిటీ నుంచి వచ్చిందా అని అడ్రసు చూసి కొట్టేయడం వాదన కాదు. కానీ ఆమె వ్యాసంలో మూడో పేరా మళ్లీ చదవండి. పెళ్లికాని గర్భిణి అమ్మాయిని సంఘం ముందు నిలబెట్టి క్షమాపణ చెప్పించిన సంగతి రాశారు. ఆ అబ్బాయి ఎక్కడున్నాడు? అదే బెంచీలో కూర్చుని పాట పాడుతూ ఉండి ఉంటాడు. ఆ పేరాకు నా దగ్గర జవాబు లేదు, ఉండాల్సిన అవసరం కూడా లేదు. ఆమె చెప్పింది సరైనదే.

ప్రశ్న: ఇంతకీ మీరే పార్టీ? – చిలకలగూడ

జవాబు: మా ఆవిడక్కూడా చెప్పలేదు.

వచ్చే నెలకు ప్రశ్నలు పంపేవాళ్లు వ్యాసం మొత్తం కటింగు పంపండి, పేపరు పేరు, తేదీ కనబడేలా. ఎర్ర గీతలు గీసిన సగం పేరాలు పంపితే జవాబివ్వను.